5000 రూపాయల్లో హీటర్ లేని అక్వేరియం: గోల్డ్ ఫిష్ పెట్టొచ్చా?

మణికొండ_అమ్మ · జనవరి 18

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా అన్నయ్య వాళ్ళింట్లో అక్వేరియం చూసిన దగ్గర్నుంచి మా పాపది ఒకటే గొడవ, మనం కూడా గోల్డ్ ఫిష్ పెంచుదామని. మూడో తరగతి చదువుతోంది. నేను పెట్టగలిగింది చేపలతో సహా 5000. ఆపైన నెలనెలా పెద్ద ఖర్చు ఉండకూడదు, హీటర్ లాంటివి వద్దు.

నిన్న ఒక షాపులో గుండ్రటి గాజు బౌల్, రంగురాళ్ళు, రెండు గోల్డ్ ఫిష్, మేత డబ్బా అన్నీ కలిపి 650 అన్నారు. ఆరేడు వందల్లో అయిపోయేదానికి ఐదు వేలెందుకని మావారు అంటున్నారు. ఆ బౌల్‌లో చేప ఒక్కసారి తోక ఆడిస్తే అవతలి గోడకి తగులుతోంది. చూడలేక కొనకుండా వచ్చేశాను. మాది నాలుగో అంతస్తు, మున్సిపల్ నీళ్ళు. ఏం చేయమంటారు?

గాజుపెట్టె · జనవరి 18

కొనకుండా రావడం చాలా మంచి పని అండీ. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళుగా గోల్డ్ ఫిష్ పెంచుతున్నాను, మొదలుపెట్టింది అలాంటి బౌల్‌తోనే. నెల తిరక్కుండా రెండూ పోయాయి.

షాపులో అంగుళంన్నర కనిపించేది చేపపిల్ల. ఒరాండా, రెడ్ క్యాప్, బ్లాక్ మూర్ లాంటి గుండ్రటి రకాలు ఆరేడు అంగుళాలు పెరుగుతాయి. తోక పొడుగ్గా, ఒళ్ళు సన్నగా ఉండే కామెట్ అయితే అడుగు దాకా పోతుంది, అది ఇంట్లో తొట్టికి సరిపడే చేప కాదు. పైగా గోల్డ్ ఫిష్ బాగా తింటుంది, బాగా విసర్జిస్తుంది. ఆ మురికిని తట్టుకోవాలంటే నీళ్ళు ఎక్కువ ఉండాలి. అందుకని మీ ఐదు వేలలో సగం నీళ్ళ పరిమాణానికే పెట్టండి.

కొత్త తొట్టి ఈ బడ్జెట్‌లో రెండడుగులదే వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో మూడడుగులది వెతకండి: 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు, 8 ఎంఎం గాజు. ఊరు మారేవాళ్ళు రెండు వేలకి అటూ ఇటూగా ఇచ్చేస్తుంటారు. పైన కొంచెం వదిలి నింపితే 130 లీటర్ల పైచిలుకు పడతాయి, రెండు గుండ్రటి గోల్డ్ ఫిష్‌లకి సరిపోతుంది. మూడోది వద్దు, పాప ఎంత అడిగినా.

మిగతావాటికి నా లెక్క చెప్తాను, షాపుని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు గొట్టాల ఎయిర్ పంప్ 350, స్పాంజ్ ఫిల్టర్లు రెండు 400, పైపు, నాన్ రిటర్న్ వాల్వ్ 60. ఆ వాల్వ్ మానేయకండి. కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీళ్ళు పైపు గుండా వెనక్కి పంపులోకి వస్తాయి, అది ఆపుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్, థర్మామీటర్ కలిపి 140. మేత 150, ఇసుక 150. నీళ్ళలో చేరే విషాలు, అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో చూసే ద్రవాల కిట్ 900 దాకా అవుతుంది. అందరూ వదిలేసేది దీన్నే, కానీ లైటు, బొమ్మలు, రంగురాళ్ళు మానేసైనా ఇది కొనండి. చేపలు రెండూ కలిపి 300.

కొత్త_చేప · జనవరి 19

నాకో సందేహం. మా బాబాయి వాళ్ళింట్లో బౌల్‌లోనే గోల్డ్ ఫిష్ రెండేళ్ళు బతికింది. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చేవాళ్ళు. చిన్నపిల్లల సరదాకి ఇంత ఖర్చు, ఇన్ని కిట్లు నిజంగా అవసరమా?

లీడ్స్_లో_తెలుగు · జనవరి 19

రెండేళ్ళు బతకడం కాదు అన్నా, రెండేళ్ళకే పోవడం అది. సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్ళు మామూలుగా బతికే చేప. ఇక్కడ ఇంగ్లాండ్‌లో ఒక గోల్డ్ ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో చనిపోయింది, గిన్నిస్ రికార్డు దానిదే. ఇటలీలో అయితే మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో ఈ గుండ్రటి బౌల్స్‌లో చేపల్ని పెట్టకూడదని నిషేధమే పెట్టాయి.

అక్కా, నేను లీడ్స్‌లో హీటర్ లేకుండా 60 లీటర్ల తొట్టిలో పన్నెండు వైట్ క్లౌడ్ మిన్నోలు పెంచుతున్నాను. ఇక్కడ చలికాలం గదిలో నీళ్ళు 16, 17 డిగ్రీలు ఉంటాయి, వాటికి అదే సుఖం. చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరున్న బైయున్ కొండ చేపలవి. బైయున్ అంటే తెల్ల మబ్బు, అందుకే ఆ పేరు. ఒకటిన్నర అంగుళం ఉంటాయి, ఎర్ర తోక. మీరూ చూడండి.

గాజుపెట్టె · జనవరి 19

లీడ్స్ తమ్ముడూ, అవి మాకు పనికిరావు. హీటర్ అక్కర్లేని చేప అన్నప్పుడు మీరు చలి గురించి ఆలోచిస్తారు. ఇక్కడ చిక్కు ఎండతో. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున నా తొట్టి 19 డిగ్రీలు చూపిస్తుంది, మే నెలలో అదే తొట్టి 32 దాటుతుంది. వైట్ క్లౌడ్‌లు రెండుసార్లు తెచ్చాను, రెండుసార్లూ ఏప్రిల్ దాటలేదు. మూడోసారి తేలేదు, ఇక తేను కూడా.

గోల్డ్ ఫిష్‌కి కూడా 18 నుంచి 24 మధ్య హాయి. మన ఎండని అది తట్టుకుంటుంది గానీ మనం సాయం చేయాలి. ఆ సంగతి ఎండలు ముదిరాక మాట్లాడుకుందాం.

బెజవాడ_ఎండ · జనవరి 20

చిన్న తొట్టే కొనగలిగినవాళ్ళకి నా ఓటు జీబ్రా డానియోలకి. మన దేశపు చేపలే, గంగా బ్రహ్మపుత్ర పరీవాహకంలో వాగుల్లో, వరి పొలాల పక్కన ఉంటాయి. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా ఫిష్ ఇదే. నా రెండడుగుల తొట్టిలో ఎనిమిది ఉన్నాయి, హీటరూ లేదు, ఏసీ గదీ కాదు. బెజవాడ ఎండలు మూడు చూశాయి. కనీసం ఆరు ఉండాలి, అంతకంటే తక్కువ ఉంటే ఒకదాన్నొకటి తరుముకుంటాయి. మూత తప్పనిసరి, ఎగురుతాయి. రోజీ బార్బ్‌లు కూడా మన చేపలే. మగది ముదిరితే రాగి చెంబు రంగు వస్తుంది, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

మణికొండ_అమ్మ · జనవరి 20

జీబ్రాల వీడియోలు చూపించాను అండీ. పాప చాలాసేపు చూసి, "ఇవి నన్ను చూడట్లేదమ్మా" అంది. అన్నయ్య వాళ్ళింట్లో గోల్డ్ ఫిష్‌లు దాన్ని చూసి అద్దం దగ్గరికి వచ్చేవట. కాబట్టి గోల్డ్ ఫిష్‌లే. మూడడుగుల తొట్టి కోసం వెతుకుతాను.

కైకలూరు_చెరువు · జనవరి 21

అమ్మా, మాది చేపల చెరువుల కుటుంబం, ముప్పై ఏళ్ళ అనుభవం. అద్దాల తొట్టి మాకు తెలీదు గానీ నీళ్ళు తెలుసు. ఎకరం చెరువైనా మీ తొట్టి అయినా సూత్రం ఒకటే.

చేప వదిలే మలంలోంచి, మొప్పల్లోంచి, తినకుండా మిగిలిన మేత కుళ్ళిన దాంట్లోంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. దాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటాయి, అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం జీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి, అది చాలావరకు ప్రమాదం లేనిది, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే పోతుంది. కొత్త తొట్టిలో ఈ జీవులు ఉండవు. అవి స్పాంజి మీద, ఇసుక మీద, గాజు మీద పట్టుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల చేపల్ని వదిలితే వాటి విషంలో అవే ఈదాలి. నీళ్ళు అద్దంలా కనిపిస్తున్నా సరే.

ఇంకొక మాట. నీళ్ళ వేడి పెరిగినా, పీహెచ్ పెరిగినా అదే అమ్మోనియా ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. వేడి పెరిగితే నీళ్ళు పట్టుకునే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర ఏడున్నరే. మా చెరువుల్లో తెల్లవారుజామున నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పేది అందుకే, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేసి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అప్పుడే బాగా పడిపోతుంది. మీరు రాత్రి చప్పుడని పంపు ఆపకండి.

మణికొండ_అమ్మ · ఫిబ్రవరి 1

బాబాయ్ గారూ, ఇంత అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. మావారికి కూడా చదివి వినిపించాను, ఇప్పుడు ఆయనే ముందుండి నడిపిస్తున్నారు.

నల్లగండ్లలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళ దగ్గర మూడడుగుల తొట్టి దొరికింది, 1900. గాజు బరువే ముప్పై కిలోలు ఉంది, ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. గాజుపెట్టె గారు ఫోటోలో మూలలు చూసి చెప్పినట్టే బాల్కనీలో పాత పేపర్లు పరిచి, వాటి మీద పెట్టి, నింపి ఒక రోజంతా ఉంచాం. పొద్దున్నే పాప పేపర్ అంతా చేత్తో తడిమి, "పొడిగానే ఉంది" అని అరిచింది. ఇప్పుడు హాల్లో లోపలి గోడ వారగా, ప్లైవుడ్ మీద థర్మాకోల్ షీట్ వేసి పెట్టాం. నదీ ఇసుక పదిహేను సార్లు కడిగితే గానీ మట్టి వదల్లేదు. పంపు నడుస్తోంది. చేపలు లేవు. ఆరు వారాలు పాపని ఆపడమే పెద్ద టెన్షన్ ఇప్పుడు.

గాజుపెట్టె · ఫిబ్రవరి 1

ఆరు వారాలు అక్కర్లేకుండా చేద్దాం. నా తొట్టిలో ఏడాదిగా నడుస్తున్న స్పాంజి ఒకటి మీకిస్తాను. అందులో ఆ జీవులన్నీ సిద్ధంగా ఉంటాయి. ఈ ఆదివారం రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తాను. తొట్టి నీళ్ళలోనే ముంచి కవర్లో తెస్తాను, ఇంటికి వెళ్ళగానే మీ తొట్టిలో వేసేయండి. ఎండకూడదు. కుళాయి నీళ్ళు తగలకూడదు. రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్ళి వాటికి తిండి అవుతుంది. నీళ్ళు పోసినప్పుడే యాంటీ క్లోరిన్ వేశారు కదా?

మణికొండ_అమ్మ · ఫిబ్రవరి 1

వేశామండీ, సీసా మీద రాసిన కొలత ప్రకారం.

మణికొండ_అమ్మ · ఫిబ్రవరి 26

స్పాంజి తెచ్చిన రోజు కవర్ విప్పితే కాఫీ డికాక్షన్ రంగు నీళ్ళు కారాయి, వానకి తడిసిన మట్టి వాసన. పాప ముక్కు మూసుకుంటుందనుకున్నాను, అది మాత్రం "ఇందులో ఎన్ని కోట్లు ఉంటాయి" అని అడిగింది.

రీడింగులు నోట్‌బుక్‌లో రాస్తున్నాం. మొదటి వారం కిట్‌లో అమ్మోనియా గొట్టం ఆకుపచ్చగా వచ్చింది, పన్నెండో రోజుకి లేత పసుపు, అంటే సున్నా. అప్పుడు నైట్రైట్ పెరిగి ఊదారంగులోకి పోయింది, వారం పాటు దిగలేదు. నిన్నా ఇవాళా రెండూ సున్నా. మేత వేసిన మర్నాడు చూసినా సున్నానే. చేపలు తెచ్చుకోవచ్చా?

గాజుపెట్టె · ఫిబ్రవరి 26

తెచ్చుకోండి. షాపులో అన్నిటికంటే చురుగ్గా తిరిగేవి, రెక్కలు విప్పుకుని ఉన్నవి ఏరుకోండి. ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్న చేప ఒక్కటి కనిపించినా ఆ తొట్టిలోంచి ఏదీ తీసుకోవద్దు. ఇంటికొచ్చాక కవర్‌ని ఇరవై నిమిషాలు మీ నీళ్ళ మీద తేలనివ్వండి. తర్వాత చేపని వలతో తీసి వదలండి, కవర్లో నీళ్ళు మీ తొట్టిలో పోయకండి. మొదటి రోజు మేత వద్దు.

మణికొండ_అమ్మ · మార్చి 17

అర్జెంటుగా సాయం కావాలి. రెండు ఒరాండాలు మూడు వారాలుగా చక్కగా ఉన్నాయి. నిన్న ఉగాదికి ఇల్లు శుభ్రం చేస్తూ మా అత్తయ్యగారు రెండు స్పాంజిలూ తీసి, మురికిగా ఉన్నాయని కుళాయి కింద సబ్బు లేకుండా తెల్లగా పిండేశారు. నాకు రాత్రి చెప్పారు. ఈ ఉదయం తెల్ల ఒరాండా అడుగున ఒక మూల కూర్చుంది, రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. ఎర్రది పైకి వచ్చి నోరు తెరుస్తోంది. అమ్మోనియా గొట్టం మళ్ళీ ఆకుపచ్చ, 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) దగ్గర ఉంది. అత్తయ్యగారు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, తొట్టి దగ్గరే కూర్చున్నారు.

గాజుపెట్టె · మార్చి 17

కంగారు పడకండి. ఇప్పుడే సగం నీళ్ళు తీసేయండి. కొత్త నీళ్ళకి బకెట్‌లోనే యాంటీ క్లోరిన్ కలిపి, చెయ్యి పెట్టి చూస్తే తొట్టి అంతే వెచ్చగా ఉన్నప్పుడు నెమ్మదిగా పోయండి. రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి, గోల్డ్ ఫిష్‌కి ఏమీ కాదు. సాయంత్రం మళ్ళీ చూసి, అర పీపీఎం దాటితే ఇంకో పావు వంతు మార్చండి. పంపు ఫుల్‌లో పెట్టండి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉన్నదే సూక్ష్మజీవుల్ని చంపడానికి, స్పాంజి మీద మనవి కూడా పోయాయి. ఇసుకలో, గాజు మీద ఉన్నవి మిగిలే ఉంటాయి, అవి మళ్ళీ పెరుగుతాయి.

అత్తయ్యగారికి చెప్పండి, నాతో సహా చాలామంది ఈ పని చేసినవాళ్ళే. స్పాంజి కడగాల్సి వచ్చినప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే బకెట్‌లో రెండుసార్లు నొక్కాలి. తెల్లబడే దాకా వద్దు, నీళ్ళు పోయేలా ఉంటే చాలు.

కైకలూరు_చెరువు · మార్చి 17

ఆవిడని అన్నం తినమని చెప్పమ్మా. నీళ్ళు మార్చాక చేప నెమ్మదిగా తేరుకుంటుంది.

మణికొండ_అమ్మ · మార్చి 22

ఐదు రోజుల్లో నాలుగుసార్లు నీళ్ళు మార్చాం. ఈ రోజు సున్నా. తెల్లది నిన్న సాయంత్రం లేచి బఠాణీ తింది. ఉడికించి, తొక్క తీసి, గోటితో చిదిపి అత్తయ్యగారే వేశారు. తొట్టి డ్యూటీ ఇప్పుడు ఆవిడదే. బకెట్ మీద మార్కర్‌తో "చేపల నీళ్ళు, ముట్టుకోవద్దు" అని రాశారు.

నల్గొండ_బోరు · ఏప్రిల్ 6

మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మాకు బోరు నీళ్ళే గతి. బిందెల మీద తెల్లగా పేరుకుపోయేంత కఠినం. ఆర్వో నీళ్ళు పోయమంటారా?

గాజుపెట్టె · ఏప్రిల్ 6

ఉత్త ఆర్వో నీళ్ళు వద్దు, అందులో చేపకి కావలసిన ఖనిజాలు కూడా పోతాయి. కఠినమైన నీళ్ళు గోల్డ్ ఫిష్‌కి బాగానే పడతాయి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు, కాబట్టి ఆ ఖర్చు లేదు. కానీ భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. డ్రమ్ములో పట్టి, పంపు గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్ ఒక రోజు ఆడించి వాడండి. గాజు మీద తెల్ల మరక వస్తే తొట్టి బయటివైపు వెనిగర్ గుడ్డతో తుడవండి.

మణికొండ_అమ్మ · మే 4

నీళ్ళు 32.5. మీరు చెప్పిన రోజు వచ్చేసింది. ఏం చేయాలి?

గాజుపెట్టె · మే 4

గాజు మూత తీసి దోమల జాలీ వేయండి. చిన్న టేబుల్ ఫ్యాన్‌ని నీళ్ళ మీదుగా గాలి పోయేలా ఏటవాలుగా పెట్టండి. నీళ్ళు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి, నాకు రెండు నుంచి మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైనంత మేర రోజూ నింపాలి. మేత సగం చేయండి, ఉదయం చల్లగా ఉన్నప్పుడే వేయండి. తొట్టి నీళ్ళు ఒక్కసారిగా చల్లబడితే వేడి కంటే ఎక్కువ ప్రమాదం, అందుకని ఐస్ ముక్కలు గుప్పించకండి. మరీ ఎక్కువైతే లీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి మూత బిగించి ఒక్కటే వేయండి. కరెంటు కోతలకి యూఎస్‌బీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి కొనుక్కోండి, ఫోన్ పవర్ బ్యాంక్‌తో గంటల తరబడి నడుస్తుంది.

బెజవాడ_ఎండ · మే 5

మాకు ఫ్యాన్‌తో ఒక డిగ్రీ కూడా తగ్గదండీ, గాలిలోనే అంత ఉక్క. మీకు పొడి గాలి కాబట్టి పనిచేస్తుంది. కోస్తా వాళ్ళు ఇది చదివి గోల్డ్ ఫిష్ కొనేముందు ఆలోచించుకోండి. ఇంట్లో చల్లటి గది ఉంటేనే కొనండి, లేదంటే జీబ్రాలు, రోజీ బార్బ్‌లు.

మణికొండ_అమ్మ · జూన్ 9

రోహిణి కార్తె గడిచింది. ఫ్యాన్ పెట్టాక ఎక్కువలో ఎక్కువ ఒక రోజు 31.5 చూశాం, పగలంతా తిరిగింది. మే 27 రాత్రి మూడు గంటలు కరెంటు లేదు, పవర్ బ్యాంక్ ఆదుకుంది. నిన్న మృగశిర మొదలు, వాన కూడా పడింది, నీళ్ళు 28. రెండు ఒరాండాలూ ఇప్పుడు మూడంగుళాలు దాటాయి, పాప గాజుకి స్కేలు ఆనించి కొలిచింది. తను స్కూల్ నుంచి రాగానే రెండూ అద్దం దగ్గరికి వచ్చేస్తున్నాయి.

గాజు మీద పచ్చగా నాచు పట్టింది. షాపులో సక్కర్ ఫిష్ వేస్తే తినేస్తుందన్నారు, 40 రూపాయలే. తేవచ్చా?

కైకలూరు_చెరువు · జూన్ 9

వద్దమ్మా, దయచేసి వద్దు. అది దక్షిణ అమెరికా చేప. అడుగు పైన పెరుగుతుంది, రాత్రిపూట గోల్డ్ ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొర నాకేస్తుంది. పెద్దదైపోయిందని ఎవరెవరో కాలువల్లో వదిలేసినవి మా చెరువుల్లోకి చేరాయి. మా వైపు దెయ్యం చేప అంటారు. ఒళ్ళంతా ముళ్ళ పెంకు, వలలు చీలుస్తుంది, గట్లకి బొరియలు పెడుతుంది. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. పోయినేడాది ఒక్క పట్టుబడిలో మేము బుట్టలకొద్దీ ఏరి గట్టు మీద పూడ్చాం. ఎవరింట్లో ఉన్నా సరే, చెరువులో గానీ కాలువలో గానీ వదలొద్దని చెప్పండి.

గాజుపెట్టె · జూన్ 9

నాచుకి పాత ఏటీఎం కార్డు అంచు చాలు, గీకితే వచ్చేస్తుంది. కిటికీ వెలుతురు పడుతుంటే ఆ వైపు కర్టెన్ వేయండి.

నల్గొండ_బోరు · జూన్ 14

నాకూ మూడడుగుల తొట్టి దొరికింది. డ్రమ్ములో నీళ్ళు రెడీ. నడుస్తున్న స్పాంజి ఎవరైనా ఇవ్వగలరా? పని మీద శనివారం హైదరాబాద్ వస్తున్నాను, ఎల్బీ నగర్ దాకా.

మణికొండ_అమ్మ · జూన్ 14

మా రెండిట్లో ఒకటి ఇస్తానండీ, దాని బదులు కొత్తది వారం క్రితమే పక్కన పెట్టి నడిపిస్తున్నాను. శనివారం పదకొండింటికి ఎల్బీ నగర్ మెట్రో కింద ఉంటాం, అత్తయ్యగారు, పాప కూడా వస్తారు. మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా తెచ్చుకోండి, దారిలో కవర్ కారుతుంది. నల్గొండ చేరేసరికి రెండు మూడు గంటలు పడుతుంది కదా, డబ్బా ఎండలో పెట్టకండి, మధ్యలో ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

నల్గొండ_బోరు · జూన్ 14

పదకొండింటికి డబ్బాతో ఉంటాను అక్కా.